14 ఏళ్ళుగా గొడ్లచావిట్లో ఉన్న 1974 బుల్లెట్టు: ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలా, నా ఇష్టానికి మార్చుకోవాలా?

చావిట్లో బుల్లెట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా మేనమామగారి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 ఒకటి తెనాలికి దగ్గర్లోని మా అమ్మమ్మగారి ఊళ్ళో, గొడ్లచావిట్లో 14 ఏళ్ళుగా కదలకుండా నిలబడి ఉంది. ఆర్‌సీ పుస్తకంలో తయారీ సంవత్సరం 1974 అని రాసి ఉంది. నంబరు కూడా మూడు అక్షరాల పాత వరసలోదే. మోకాళ్ళు అరిగి కిక్కు కొట్టడం కష్టమయ్యాక మామయ్య దాన్ని చావిట్లో పెట్టి గోనెపట్టా కప్పారు. ఆ తరువాత గేదెలను అమ్మేశారు, పట్టా చివికిపోయింది, బండి మాత్రం అక్కడే ఉండిపోయింది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, “నువ్వు బాగు చేసుకుంటానంటే తీసుకుపోరా, లేదంటే ఈ ఏడు పాత ఇనుముకు తూచేస్తాను” అన్నారు. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని చావిట్లో గంటసేపు దాని చుట్టూ తిరిగాను.

నేను చూసినంతవరకు పరిస్థితి ఇది. టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే పిస్టన్ కదులుతున్నట్టే తెలుస్తోంది, కాబట్టి ఇంజను పట్టేయలేదని అనుకుంటున్నాను. ట్యాంకు మూత తీసి చూస్తే లోపలంతా ఎర్రటి తుప్పు పొరలుగా లేస్తోంది. వెనక మడ్‌గార్డుకు అడుగున బురద పట్టి రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. వైరింగును ఎలుకలు కొరికేశాయి. కార్బొరేటర్ మొదటినుంచీ ఉన్నది కాదు, మామయ్య ఎప్పుడో మిక్‌కార్బ్ వేయించారట. హెడ్‌లైటు గూటి మీద, బ్యాటరీ కరెంటు రాకపోకలను ముల్లుతో చూపే అమ్మీటరు మాత్రం అద్దం పగలకుండా ఉంది. ఎందుకో దాన్ని చూడగానే నాకు ధైర్యం వచ్చింది.

నేను హైదరాబాదులో ఉంటాను. అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక బండి పట్టే స్థలం, ఒక కరెంటు పాయింటు ఉన్నాయి. ఇంతవరకు నా కొత్త బండికి ఆయిలు మార్చుకోవడం, చైను సరిచేసుకోవడం తప్ప పెద్ద పని చేసిన అనుభవం లేదు. సెలవు రోజుల్లో నెమ్మదిగా, వీలైనంత నా చేతులతోనే చేసుకోవాలని ఉంది.

నా సందేహాలలో పెద్దది ఇది: నాకు బాబర్ పద్ధతి ఇష్టం. వెనక మడ్‌గార్డును పొట్టిగా కోయించి, ఒంటి సీటు వేయించి, పొట్టి సైలెన్సరు పెట్టించి, మొత్తం నలుపు రంగు కొట్టించాలని నా ఊహ. పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం మంచిదా, నా బండి కాబట్టి నా ఇష్టానికి మార్చుకోవడంలో తప్పేమైనా ఉందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇంజను తప్పకుండా విప్పాలా, లేక ఆయిలు మార్చి కిక్కు కొట్టి చూడవచ్చా అన్నది రెండోది. ఆర్‌సీ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇంకా మామయ్య పేరు మీదే ఉంది. దాని సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

పాత లేతు

బాబూ, ముందు ఒక్క మాట. ఆ బండికి ఇప్పుడే కిక్కు కొట్టకు. చక్రం తిప్పితే పిస్టన్ కదిలింది కదా, అంతటితో ఆగు. నేను 30 ఏళ్ళకు పైగా లేత్ మెషీను దగ్గర ఇంజను సిలిండర్లకు బోర్లు చేసినవాణ్ణి. నా దగ్గరికి వచ్చిన పాత బుల్లెట్ల ఇంజన్లలో సగం, పాతబడి చెడిపోయినవి కావు, నిలవున్న తరువాత తొందరపడి కొట్టిన మొదటి కిక్కుతో చెడిపోయినవి.

కారణం చెబుతాను. ఈ ఇంజనుకు ఆయిలు ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేసు పోతలోనే వెనక భాగంలో ఒక గదిగా ఉంటుంది. ఏళ్ళ తరబడి నిలవుంటే ఆ గదిలోని ఆయిలు పంపుల సందుల్లోంచి మెల్లగా జారి క్రాంకు తిరిగే గదిలోకి చేరుతుంది. ఆ మడుగులో క్రాంకు గట్టిగా తిరిగితే ఆయిలుకు పోవడానికి దారి లేక గాలి వదిలే బ్రీదరు గొట్టంలోంచి, సీళ్ళలోంచి తన్నుకొస్తుంది. కాబట్టి అడుగున ఉన్న డ్రెయిను బోల్టులన్నీ తీసి, రెండు గదుల ఆయిలునూ వేరువేరు డబ్బాల్లోకి పూర్తిగా దించు. ఆ ఆయిలును తెల్లటి పాత పంచెముక్క మీద పోసి ఎండలో చూడు. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయని అర్థం. ఇత్తడి పొడిలాంటి మెరుపు కనిపిస్తే మాత్రం కనెక్టింగ్ రాడ్డు అడుగునున్న బుష్షు అరిగిందేమోనని అనుమానించి, ఇంజను దించడానికే సిద్ధపడాలి.

ప్లగ్గు విప్పి, డీజిలూ ఇంజనాయిలూ సమంగా కలిపి రెండు చెంచాలు పోసి రెండు రోజులు వదిలేయి. ఆ తరువాత మళ్ళీ వెనక చక్రంతోనే తిప్పు. ఈలోపు స్పానర్లు కొనుక్కో. నీ కొత్త బండికి వాడే మిల్లీమీటరు స్పానర్లు దీనికి వాడవద్దు. ఆ కాలపు బుల్లెట్టులో చాలా నట్లు ఇంగ్లీషు కొలతలవి. 14, 17 స్పానర్లు దగ్గరదగ్గరగా పట్టినట్టే పట్టి, బలం పెట్టగానే జారి నట్టు మూలలు గుండ్రంగా చేసేస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను అమ్మేచోట ఇంచీ స్పానర్లు ఇప్పటికీ దొరుకుతాయి.

ఇంజను విప్పాలా అని అడిగావు. ఆయిలులో మెరుపు కనిపించకపోతే మొత్తం దించనక్కర్లేదని నా అభిప్రాయం. ట్యాంకు తీస్తే హెడ్డూ బ్యారెలూ ఛాసిస్‌లో ఉండగానే పైకి వస్తాయి. బ్యారెల్ తీశాక కనెక్టింగ్ రాడ్డును రెండు చేతులతో పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడు. పక్కలకు కొంచెం ఆడటం సహజం. నిలువుగా ‘టక్కు’మని ఏ మాత్రం ఆడినా క్రాంకును ప్రెస్సు ఉన్న పనివాడి దగ్గరికి పంపక తప్పదు. బ్యారెల్ లోపల పైఅంచుకు గోరు పెట్టి కిందికి జార్చు. గోరు మెట్టు మీద తట్టుకుంటే బోరు అరిగింది. ఓవర్‌సైజు పిస్టన్లు 20, 40, 60 థౌలలో వస్తాయి, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ముందు పిస్టన్ కొని, దాన్ని చేతికిచ్చి, దాని కొలతకే బోరు చేయమని చెప్పాలి. ముందు బోరు చేయించి తరువాత పిస్టన్ వెతుక్కునేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక నా స్వంత తప్పు ఒకటి చెబుతాను, నువ్వు చేయకుండా. కుడివైపు టైమింగ్ కవరులో ఆయిలు క్రాంకులోకి వెళ్ళే దారి దగ్గర ఒక చిన్న బెండు సీలు ఉంటుంది, వేలిగోరంత. కవరు తీసినప్పుడల్లా అది ఎండి, విరిగి వస్తుంది. వయసులో ఉండగా నా సొంత బండికి ఆ సీలు పాతదే మళ్ళీ పెట్టి కవరు బిగించాను. ఆయిలు క్రాంకుకు చేరకుండా కవరులోనే తిరిగి కిందికి పోయింది. ఒంగోలు దాటక ముందే అడుగునుంచి సుత్తి కొట్టినట్టు శబ్దం మొదలైంది. పది రూపాయలు చేయని ముక్క కోసం క్రాంకు మొత్తం మార్చుకున్నాను. కవరు తీస్తే ఆ సీలు కొత్తది వేయవలసిందే. ఇంజను మొదటిసారి పలికినప్పుడు హెడ్డు మీద రాకర్లకు ఆయిలు వెళ్ళే సన్న గొట్టాల బోల్టులను అర చుట్టు వదులు చేసి చూడు. అక్కడ ఆయిలు ఊరితే పంపులు పనిచేస్తున్నట్టు. అర నిమిషంలో ఊరకపోతే వెంటనే ఆపెయ్యి.

మార్పుల గురించి నన్నడిగితే నాకు ఇష్టం లేదు, కాని అది నా వయసు మాట.

గాజువాక రైడర్

పాత లేతు గారు ఇంజను గురించి చెప్పినదానికి నేను కలపగలిగింది లేదు. కోయడం గురించి, కాగితాల గురించి నా అనుభవం రాస్తాను.

2016లో నా దగ్గర 1980ల నాటి బుల్లెట్టు ఒకటి ఉండేది. అచ్చం మీ ఊహలాంటి ఊహతోనే ఒక పెద్ద నగరంలోని దుకాణానికి ఇచ్చాను. వాళ్ళు సీటు కింద వెనక్కు సాగే ఛాసిస్ గొట్టాలను కోసి, పొట్టిగా వంచి అతికారు. ఫోటోల్లో బండి బ్రహ్మాండంగా ఉంది. రోడ్డు మీద 50 వేగం దాటగానే వెనక చక్రం తోక ఊపినట్టు ఊగేది, చైను పళ్ళచక్రం మీద ఒక పక్కనే అరిగేది. వెల్డింగు వేడికి ఛాసిస్ ఒక పక్కకు లాగిందని తరువాత తెలిసింది. ఆర్‌సీ పునరుద్ధరణకు తీసుకువెళితే, బండి పుస్తకంలో ఉన్నట్టు లేదని తనిఖీలోనే తిప్పి పంపారు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు మాట లేకపోయింది. కోసిన ముక్కలను దుకాణంవాళ్ళు అప్పటికే తుక్కుకు వేసేశారు. చెన్నై పుదుప్పేటలో పాత ఛాసిస్ వెనక భాగం వెతికి తెచ్చి మళ్ళీ అతికించేసరికి మొదటి ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అయింది.

చట్టం మాట సూటిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే నిలబెట్టింది. “నా బండి నా ఇష్టం” అన్న మాట ఛాసిస్ దగ్గర, ఇంజను దగ్గర చెల్లదు. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించుకోవాలి. పొట్టి సైలెన్సరు సంగతి అసలు తలచుకోవద్దు. మా విశాఖలో పోలీసులు అలాంటి సైలెన్సర్లను వరసగా రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు.

మీ బండికి ఇంకో విశేషం ఉంది, బహుశా మీరు గమనించి ఉండరు. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో, ఇంజనులో మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాన్ని ‘వింటేజ్’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే బండికి నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు. ఇప్పటికే నమోదైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు. మీది 1974 కాబట్టి వయసు సరిపోయింది. అయితే ఆశపడే ముందు రెండో వైపు కూడా చూడండి: వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం పూట ఊరి బయటకు పోయి టీ తాగి రావాలనుకునేవారికి మామూలు ఆర్‌సీయే మేలు. కాని మడ్‌గార్డు కోసి, ఛాసిస్ కోసిన రోజున ఆ వింటేజ్ దారి పూర్తిగా మూసుకుపోతుంది.

మొదట చేయవలసిన పని మాత్రం స్పానరుతో కాదు, పెన్నుతో. మామయ్యగారు ఓపికగా ఉన్నప్పుడే బండి పేరు మార్పిడికి కావలసిన 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకోండి. గడువు తీరిన ఆర్‌సీ పునరుద్ధరణకు 25వ ఫారం పెట్టి, ఆలస్య రుసుము కట్టి, బండిని తనిఖీకి చూపించాలి. బండిని హైదరాబాదులోనే 12 నెలలు మించి ఉంచదలిస్తే తెలంగాణలో కొత్త నంబరు తీసుకోవలసి వస్తుంది, ఆ మూడక్షరాల నంబరు పోతుంది. నేనైతే పని హైదరాబాదులో చేసి, బండిని తిరిగి తెనాలికి పంపేస్తాను.

చావిట్లో బుల్లెట్

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. వింటేజ్ నియమం సంగతి నాకు నిజంగా తెలియదు. ఫారాలు తీసుకుని పోయిన శనివారం ఊరికి వెళ్ళాను. మామయ్య సంతకాలు పెట్టారు. “ఎలా చేస్తావు దీన్ని?” అని అడిగితే, మడ్‌గార్డు కోయిస్తానని చెప్పడానికి నోరు రాలేదు.

పాత లేతు గారు చెప్పినట్టే ఆయిలు దించాను. వెనక గదిలోంచి గ్లాసెడు కూడా రాలేదు, క్రాంకు గదిలోంచి మాత్రం లీటరున్నరకు పైగా వచ్చింది. పంచెముక్క మీద నల్లగానే ఉంది, మెరుపేమీ కనిపించలేదు. ఆ రాత్రి చావిట్లో కిక్కు కొట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు అర్థమవుతోంది.

బండిని ట్రాలీ ఆటోలో హైదరాబాదు తెచ్చాను. ఇప్పుడు ట్యాంకు దగ్గర ఆగిపోయాను. లోపల రాళ్ళు, నట్లు వేసి ఊపమని ఒకరు, యాసిడ్ పోయమని ఒకరు చెబుతున్నారు. మరో సంగతి, కరెంటు మొత్తం ఆరు వోల్టులది. 12 వోల్టులకు మార్చి, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించడానికి కరెంటును తెంచే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమంటున్నారు. ఏది సరైనది?

గోదావరి గట్టు

నమస్కారం. రాజమహేంద్రవరంలో మా పెరట్లోనే రెండు పాత బళ్ళను నిలబెట్టిన అనుభవంతో రాస్తున్నాను. ఆడవాళ్ళకెందుకమ్మా ఈ గ్రీజు పని అన్నవాళ్ళకు ట్యాంకు లోపలి భాగం చూపించి నోరు మూయించాను, కాబట్టి ట్యాంకు గురించి కొంచెం గర్వంగానే చెబుతాను.

యాసిడ్ వద్దు. అది తుప్పుతో పాటు రేకును కూడా తింటుంది, కడిగిన అరగంటలోనే మళ్ళీ పసుపుపచ్చ తుప్పు మొలుస్తుంది. నట్లు వేసి ఊపితే పొరలు రాలుతాయి కాని మూలల్లోది కదలదు. నేను చేసేది కరెంటు పద్ధతి. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా సబ్బునీళ్ళతో రెండుమూడు సార్లు కడిగి, ట్యాంకు నిండా నీళ్ళు పోసి లీటరుకు ఒక చెంచా చొప్పున బట్టల సోడా కలపాలి, వంటసోడా కాదు. మూత రంధ్రంలోంచి ఒక మామూలు ఇనుప కడ్డీని ట్యాంకుకు ఎక్కడా తగలకుండా రబ్బరు ముక్కలతో వేలాడదీయాలి. బ్యాటరీ ఛార్జరు ప్లస్సు వైరు కడ్డీకి, మైనస్సు వైరు ట్యాంకుకు ఇవ్వాలి. తారుమారైతే ట్యాంకే కరిగిపోతుంది, అందుకని నేను స్విచ్చి వేసే ముందు మూడుసార్లు చూసుకుంటాను. కాసేపటికి సన్నటి బుడగలు, వాటితో గోధుమ రంగు నురగ పైకి లేస్తాయి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది, కాబట్టి ఈ పని మీ సెల్లారులో చేయవద్దు. డాబా మీద, ఆరుబయట చేయండి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. మా ట్యాంకుకు మూడు రోజులు పట్టింది. కడ్డీని రోజుకు రెండుసార్లు తీసి గీకి మళ్ళీ వేలాడదీశాను. చివరి రోజున లోపల వేలు పెట్టి చూస్తే బూడిద రంగు పొడి తప్ప ఏమీ అంటలేదు. కడిగిన వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, కొంచెం ఇంజనాయిలు పోసి అన్ని వైపులకూ పొర్లించాలి. లేకపోతే తెల్లారేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. చిల్లులు బయటపడితే వెల్డింగుకు ఇచ్చేటప్పుడు ట్యాంకును నీళ్ళతో నింపి, అతికే చోటు మాత్రమే ఖాళీగా ఉంచమనండి. ఎండిన ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి బాంబుతో సమానం.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. 1974 నాటి బండికి అది తెలియని వస్తువు. పెట్రోల్ నాబ్ లోపలి బెండు, పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ ఫ్లోటు గది ప్యాకింగు అన్నీ కొత్తవి వేయండి. నెలకు మించి నిలవ ఉంచితే ట్యాంకు ఖాళీ చేయండి, ఎందుకంటే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చి నీటిని అడుగుకు దింపుతుంది, మీరు కష్టపడి తీసిన తుప్పు అక్కడినుంచే మళ్ళీ మొదలవుతుంది.

మార్చుకోవడం గురించి నా పద్ధతి వేరు. నేను మార్పులకు వ్యతిరేకిని కాను. విప్పి మళ్ళీ బిగించగలిగేవన్నీ మార్చుకుంటాను, కోయవలసినదేదీ ముట్టుకోను. బుల్లెట్టుకు స్ప్రింగుల ఒంటి సీటు అసలు బోల్టుల మీదే కూర్చుంటుంది. హ్యాండిల్ మార్చుకోవచ్చు. వెనక మడ్‌గార్డు బోల్టులతోనే ఊడి వస్తుంది కాబట్టి చిల్లుల చోట రేకు వేయించి బాగు చేసిన పాతదాన్ని ఇంట్లో దాచుకుని, పొట్టిది కావాలంటే వేరే మడ్‌గార్డు కొని దాన్ని కోయించుకోండి. తనిఖీకి వెళ్ళేటప్పుడు పాతది తిరిగి బిగించవలసి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. తీసిన ప్రతి ముక్కకూ చీటీ కట్టి ఒకే బస్తాలో వేయండి.

రంగు వేయించేటప్పుడు ఛాసిస్‌కు పౌడర్ కోటింగు చేయిస్తారు కదా, అప్పుడు ఛాసిస్ నంబరు గుద్దిన చోట టేపు వేయించడం మరచిపోవద్దు. మందమైన ఆ పూత అంకెల గుంతలను నింపేస్తే తనిఖీలో నంబరు కనిపించదు, గీకిస్తే దిద్దినట్టు కనిపిస్తుంది, రెండూ తలనొప్పే. ట్యాంకు మీద బంగారు గీతలున్నాయా లేదా అన్నది మీరు రాయలేదు. ఉంటే, కొంచెం మాసినా వాటిని అలాగే ఉంచమని నా విన్నపం. ఎన్‌ఫీల్డ్ ట్యాంకుల మీద ఆ గీతలు మద్రాసులో కుంచె పట్టి చేత్తో గీసినవి, స్టిక్కరు కాదు. దగ్గరగా చూస్తే కుంచె ఎత్తిన చోట గీత సన్నబడటం కనిపిస్తుంది.

పాత లేతు

అమ్మాయి ట్యాంకు గురించి రాసింది అక్షరాలా సరిగ్గా ఉంది. ఆరు వోల్టుల సంగతి నేను చెబుతాను.

12 వోల్టులకు మార్చుకోవడం తప్పు కాదు. ఆరు వోల్టుల హెడ్‌లైటు వెలుగు కొవ్వొత్తికి ఎక్కువ, లాంతరుకు తక్కువ. రాత్రి పూట తిరిగేవాడివైతే మార్చుకో. బ్యాటరీ, బల్బులు, హారను, ఇగ్నిషన్ కాయిలు అన్నీ కలిపి మార్చాలి, సగం మార్చి వదలకూడదు. వైరింగు ఎలాగూ ఎలుకల పాలైంది కాబట్టి ఇదే అదను. పాయింట్లు తీసేయడం మాత్రం నాకు నచ్చదు. ఎలక్ట్రానిక్ పెట్టె రోడ్డు మధ్యలో చచ్చిపోతే నువ్వు చేయగలిగింది లేదు. పాయింట్లు చెడితే గరుకు కాగితం ముక్కతో రుద్ది ఇంటికి రావచ్చు. పాయింట్ల మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచు. పిస్టన్ పైకొసకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడిపోవాలి. ప్లగ్గు రంధ్రంలో సైకిలు పుల్ల పెట్టి, గుర్తు గీసుకుని కొలవచ్చు, మేము అలాగే నేర్చుకున్నాం. వాల్వులను కదిపే ట్యాపెట్లను ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి: పుష్‌రాడ్డు రెండు వేళ్ళ మధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

నీకు ధైర్యమిచ్చిన ఆ అమ్మీటరు అలంకారం కాదు. ఇగ్నిషన్ తాళం ఆన్ చేసి కిక్కును నెమ్మదిగా తొక్కు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ ముల్లు ఎడమవైపు వాలి ఉంటుంది. పిస్టన్ పైకొసకు వచ్చి పాయింట్లు విడిపోగానే మధ్యకు వస్తుంది. అక్కడ ఆగి, సిలిండరులోని ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ మీట నొక్కి, కిక్కును ఇంకొక్క రవ్వ దాటించి వదిలెయ్యి. ఆపైన పూర్తిగా పైనుంచి ఒక్క తొక్కు. ముల్లు చూడకుండా బలం కొద్దీ తొక్కేవాళ్ళ మోకాళ్ళే మీ మామయ్య మోకాళ్ళలా తయారవుతాయి.

చావిట్లో బుల్లెట్

రెండు నెలల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. బ్యారెల్ తీసి చూస్తే గోరు మెట్టు మీద తట్టుకుంది. పిస్టన్ ముందు కొని, 20 థౌ బోరు చేయించాను. కనెక్టింగ్ రాడ్డు నిలువుగా ఆడలేదు. టైమింగ్ కవరులో పాత బెండు సీలు రెండు ముక్కలై వచ్చింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచుకున్నాను. ట్యాంకు డాబా మీద నాలుగు రోజులు బుడగలు వేసింది, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారికి రెండుసార్లు సంజాయిషీ చెప్పుకున్నాను. బంగారు గీతలు ఎడమవైపు బాగానే ఉన్నాయి, కుడివైపు మోకాలి రబ్బరు దగ్గర చెరిగాయి. వాటిని ముట్టుకోలేదు. ఛాసిస్ కూడా ఎక్కడా కోయలేదు. వెనక మడ్‌గార్డుకు రేకు వేయించి, నలుపు రంగు కొట్టించి అదే బిగించాను, సీటు మాత్రం స్ప్రింగులది ఒకటి కొన్నాను. పెద్ద సీటు చీటీతో సహా మంచం కింద ఉంది.

నిన్న సాయంత్రం మామయ్యను వీడియో కాల్‌లో పెట్టి కిక్కు దగ్గర నిలబడ్డాను. ఏడో తొక్కుకు పలికింది. రాకరు బోల్టుల దగ్గర ఆయిలు పది సెకన్లలోనే ఊరింది. మామయ్య మాత్రం, “ముల్లు మధ్యకు రాకుండానే తొక్కావురా, నాకిక్కడికే కనిపించింది” అన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. గేరు కలిపితే బండి ముందుకు ఉరుకుతోంది, న్యూట్రల్ మీటను మడమతో ఎంత నొక్కినా న్యూట్రల్ పడటం లేదు. గేరు పెట్టె కవరు విప్పాలా?

పాత లేతు

విప్పవద్దు. 14 ఏళ్ళు నిలవుండటంతో క్లచ్ పలకలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, తప్పు న్యూట్రల్ మీటది కాదు. ఇంజను ఆపి, క్లచ్ పట్టుకుని కిక్కు నాలుగైదు సార్లు తొక్కు. పలకలు విడితే కిక్కు ఉత్తదిలా కిందికి పోతుంది. అప్పటికీ విడకపోతే ఎడమవైపు కవరు తీసి పలకలను ఒక్కొక్కటిగా తుడవాలి. ఆ కవరు మొత్తం మధ్యలో ఉన్న ఒక్క నట్టు మీదే నిలిచి ఉంటుంది, కాబట్టి పని పది నిమిషాలదే. తిరిగి బిగించేటప్పుడు చుట్టూ ఉండే రబ్బరు కొత్తది వేయి. పాతదే వేస్తే సెల్లారు నేల మీద రోజుకో మరక, నీ కార్యదర్శిగారికి రోజుకో సంజాయిషీ.